కదిరి గ్రానైటు నుంచి గండికోట లోయ దాకా: నేలను చదువుతూ వెళ్లే పద్ధతి

కదిరి వైపు నుంచి పులివెందులకు వస్తుంటే ముందు గుండ్రాళ్ల గుట్టలు, ఎర్రనేల కనిపిస్తాయి. ఆ తర్వాత దారికి అడ్డంగా బారైన కొండవరుస ఒకటి లేస్తుంది. దాని ముఖం మనవైపు గోడలా నిటారుగా ఉంటుంది. కనుమ దాటి అవతలికి దిగితే అదే కొండ వీపు మెల్లగా ఈశాన్యానికి వాలిపోతుంది. గండికోట చేరేలోపు ఇలాంటి వరుసలు మరికొన్ని తగులుతాయి. గట్టి క్వార్ట్‌జైటు (ఇసుకరాయి మారి గట్టిపడిన రాయి) ఉన్నచోట వరుస నిలబడింది. డోలమైటు (మెగ్నీషియం కలిసిన సున్నపురాయి లాంటిది), షేలు (బురద గట్టిపడి పలకలుగా విడిపోయే రాయి) ఉన్నచోట నేల అరిగి పల్లం పడింది.

పొరలు ఈశాన్యానికి వాలి ఉన్నాయి కాబట్టి నైరుతి నుంచి ఈశాన్యానికి నడిచినంతసేపూ పాత పొర నుంచి కొత్త పొర మీదికి వెళ్తుంటాం. తమలపాకుల కట్టను పక్కకు జరిపి పరిస్తే ఒక్కో ఆకు అంచు వరసగా బయటపడినట్టు ఇక్కడ పొరల అంచులు బయటపడ్డాయి. కడప బేసిన్‌లో, అంటే పూర్వం ఈ పొరలన్నీ పేరుకున్న పెద్ద పల్లంలో, ఈ పడమటి అంచు కొత్తగా నేర్చుకునేవాళ్లకు బాగా అనువైనది. తూర్పున నల్లమల వైపు పొరలు ముడతలు పడి, ఒకదానిపైకి ఒకటి ఎక్కి ఉంటాయి. మొదటిసారే అక్కడికి వెళ్తే తల తిరుగుతుంది.

వరస కింది నుంచి పైకి ఇలా గుర్తుపెట్టుకోండి: గ్రానైటు, నైసు (వేడికి, ఒత్తిడికి మారి చారలు పడ్డ రాయి), దానిపైన గుల్చేరు క్వార్ట్‌జైటు, వేంపల్లె డోలమైటు, పులివెందుల క్వార్ట్‌జైటు, తాడిపత్రి షేలు, గండికోట క్వార్ట్‌జైటు. వీటన్నిటి తర్వాత, చాలా ఎడంతో, బనగానపల్లె క్వార్ట్‌జైటు, నార్జి సున్నపురాయి వస్తాయి. అన్నీ మన ఊళ్ల పేర్లే. గుల్చేరు అంటే పాలకోవాకు పేరుపడ్డ గువ్వలచెరువే, ఇంగ్లీషు నోట్లో పడి అలా మారింది. ఈ కడప, కర్నూలు పొరల గురించి విలియం కింగ్ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు రాసిన పెద్ద నివేదిక 1872లో అచ్చయింది. ఈ పేర్లు అప్పటినుంచీ వాడుకలో ఉన్నాయి.

ఇల్లు కదలకముందు

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాలు, జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ పోర్టల్‌లోని భూవిజ్ఞాన పటం తీసుకోండి. గండికోట పాత లెక్కలో 57 జె/5 షీటులో వస్తుంది. పటం మీద 2 సెంటీమీటర్లు అంటే నేల మీద ఒక కిలోమీటరు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతల్లో ఒక్కోదానికీ మధ్య ఎత్తు తేడా సాధారణంగా 20 మీటర్లు. గీతలు ఒకవైపు కిక్కిరిసి, మరోవైపు ఎడంగా ఉన్న కొండలన్నిటికీ రంగు వేయండి. కిక్కిరిసిన వైపు గోడ, ఎడంగా ఉన్న వైపు పొర వాలు. అక్కడ కాలు పెట్టకముందే పొరలు ఎటు వాలాయో సగం తెలిసిపోతుంది.

తర్వాత ఉపగ్రహ చిత్రం తెరిచి గ్రానైటు నేల మీద సన్నగా, తిన్నగా సాగే నల్లటి గట్లను వెతకండి. అవి డోలరైట్ డైకులు, అంటే పగుళ్లలోకి ఉడుకుతూ చొరబడి గోడలా గట్టిపడిన నల్లరాయి. వాటిలో చాలా భాగం బేసిన్ అంచు దాకా వచ్చి, గుల్చేరు వరుస దగ్గర ఆగిపోతాయి. డైకు పుట్టింది, పైనున్న నేలతోపాటు అరిగింది, ఆ తర్వాతే దానిమీద ఇసుక పరుచుకుంది. రేపు నేల మీద వెతకబోయే సంగతి ఇదే, దాన్ని ముందు ఆకాశం నుంచి చూసుకుంటే మేలు.

సామాను ఎక్కువ అక్కర్లేదు. క్లైనోమీటరు (వాలు కోణం చూపే సాధనం) ఉన్న దిక్సూచి, 10 రెట్లు పెద్దది చేసే చేతి లెన్సు, ఒక కిలో లోపు సుత్తి, రాతిపెచ్చులు కంట్లో పడకుండా కళ్లద్దాలు, చాకు, గట్టి అట్ట నోటుబుక్కు, పెన్సిలు (పెన్ను సిరా చెమటకు కరుగుతుంది), 3 మీటర్ల టేపు, మనిషికి కనీసం 4 లీటర్ల నీళ్లు. సన్నటి మూతి ఉన్న ప్లాస్టిక్ సీసాలో 50 మిల్లీలీటర్ల పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా ఉండాలి. గాఢ ఆమ్లం ఒక పాలు, నీళ్లు మూడు పాళ్లు కలిపితే దాదాపు 10 శాతం ద్రావణం వస్తుంది. నీళ్లలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. సీసాను ఇంకో డబ్బాలో పెట్టి సంచి పై అరలో నిలువుగా ఉంచండి. పక్కకు పడుకోబెడితే సాయంత్రానికి నోటుబుక్కు చిల్లులు పడుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి. ఈశాన్య రుతుపవనాల వానకు బండలు కడిగినట్టుంటాయి. పొర మీది గుర్తులకు పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత పడే ఏటవాలు వెలుతురు కావాలి. నడినెత్తి ఎండలో అలల గుర్తులున్న బండ కూడా నున్నటి గచ్చులాగే కనబడుతుంది.

అడవి శాఖ పరిధిలోకి వెళ్లేటట్టయితే అనుమతి ముందే తీసుకోండి. గనుల్లోకి, తవ్వి వదిలేసిన గుంతల్లోకి దిగకండి. పులివెందుల చుట్టుపక్కల పాత రాతినార తవ్వకాలు ఉన్నాయి. రాయి నుంచి దూదిపోగుల్లా ఊడే పీచు కనబడితే గీకడం, కొట్టడం వద్దు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు.

మొదటి అతుకు: గ్రానైటు మీద గుల్చేరు

ఒక రాయి మధ్యలో గంటసేపు తిరిగినా కొత్త సంగతి పెద్దగా తెలియదు. రెండు రాళ్లు కలిసే గీత దగ్గర గడిపే పది నిమిషాలే కథ చెబుతాయి. రోజులో సగం సమయం అతుకుల కోసమే ఉంచుకోండి.

చిక్కేమిటంటే ఈ అతుకు నేరుగా కళ్లబడదు. పైనుంచి రాలిన క్వార్ట్‌జైటు బండలు కొండ పాదాన్నంతా కప్పేస్తాయి. వాటిని చూసి "గ్రానైటు అయిపోయింది" అని రాసుకుంటే అతుకును అసలు చోటుకన్నా బాగా దిగువన పెట్టినట్టవుతుంది. కాబట్టి రోడ్డు కోత దగ్గరికో, కొండను కోసిన వంక దగ్గరికో వెళ్లండి. వంకలో పైకి ఎక్కుతూ, ప్రతి బండా పుట్టుబండా, దొర్లిన బండా అని అడగండి. పుట్టుబండలో పగుళ్లు పక్క బండలోకి కొనసాగుతాయి, పొరల వాలు ఇరుగుపొరుగుతో కలుస్తుంది. దొర్లిన బండ కింద చెయ్యి దూర్చితే మట్టి తగులుతుంది. చివరి పుట్టు గ్రానైటు ఎత్తు, మొదటి పుట్టు క్వార్ట్‌జైటు ఎత్తు రెండూ రాయండి. ఆ మధ్య కనబడని భాగం 8 మీటర్లుంటే అతుకు చోటులో మీ తప్పు కూడా 8 మీటర్లే. పటం మీద ఒకే గీత గీసి అది కచ్చితమని నటించకండి.

అతుకు దొరికాక చూడాల్సింది పై రాయి అడుగుభాగం. గుల్చేరు మొదలయ్యేచోట తరచుగా గులకరాళ్ల పొర ఉంటుంది. గులకల్లో ఎక్కువ పలుగురాయే. కింది గ్రానైటులోని పలుగు నరాలే అరిగి, దొర్లి, ఇక్కడ పోగుపడ్డాయి. గ్రానైటు తర్వాత కింది నుంచి ఉడుకుతూ చొచ్చుకొచ్చినదైతే దాని నరాలు క్వార్ట్‌జైటులోకి ఎక్కి ఉండేవి, అంచు కాలి గట్టిపడి ఉండేది. అలా లేదు. పైదాని కడుపులో కిందిదాని ముక్కలున్నాయి. గ్రానైటు చల్లారి, బయటపడి, అరిగిన నేల అయ్యాకే దానిమీద ఇసుక చేరిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. కింది రాళ్ల వయసు 250 కోట్ల ఏళ్ల నాటిది, అంతకు మించినది. మధ్యలో పోయిన కాలానికి ఇక్కడ ఒక్క పొర కూడా లేదు.

ఇలాంటి కాలపు ఖాళీయే తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కూడా ఉంది. అక్కడ దాదాపు 80 కోట్ల ఏళ్ల లోటని లెక్క. దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. అయితే తిరుమలలో గ్రానైటు మీద కూర్చున్నది నగరి క్వార్ట్‌జైటు, గుల్చేరు కాదు. రెండూ గ్రానైటు మీదే ఉన్నాయి కాబట్టి రెండూ ఒకే పొర అని రాసేవాళ్లు ఏటా కొందరుంటారు. అరుగు ఒకటే కావచ్చు, దానిమీద కూర్చున్నవాళ్లు వేరు.

పొర వాలు కొలవడం

పొర ఎటు, ఎంత వాలిందో చెప్పేది డిప్, పుస్తకాల్లో నతి. దానికి అడ్డంగా నేలకు సమంగా పోయే గీత స్ట్రైక్. పొర పైతలం శుభ్రంగా ఉన్నచోట సీసాలోంచి గుక్కెడు నీళ్లు ఒలకబోయండి. నీళ్లు జారిన దారే డిప్ దిశ. ఆ గీత వెంట క్లైనోమీటరు అంచు ఆనించి కోణం చదవండి, దిక్సూచితో దిశ చదవండి. 12 డిగ్రీల వాలు, ఉత్తరం నుంచి సవ్యదిశలో 40 డిగ్రీలైతే 12/040 అని రాస్తే చాలు. తలం గరుకుగా ఉంటే నోటుబుక్కు అట్ట పరిచి దానిమీద కొలవండి. ఒక్కో చోట కనీసం మూడు కొలతలు తీసి మధ్యది ఉంచుకోండి. ఈ అంచున 10 నుంచి 15 డిగ్రీల మధ్య వస్తుండాలి. ఒక్కసారిగా 50 వస్తే దొర్లిన బండనో, పొర అనుకుని పగులునో కొలిచారన్నమాట.

ఈ రెండో తప్పు చాలా మామూలు. క్వార్ట్‌జైటు నిలువు పగుళ్ల వెంట పలకల్లా విడిపోతుంది. ఆ పలక ఎంత చదునుగా ఉన్నా పొర కాదు. రేణువుల సైజు, రంగు మారే గీతలు ఎటు పోతే అదే పొర. గ్రానైటులో ఉల్లిపొరల్లా లేచే పెచ్చులకు అసలు డిప్ కొలవకూడదు.

మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒకటి రెండు డిగ్రీలు మించదు కాబట్టి దాంతో పేచీ లేదు. పేచీ డోలరైటుతో. ఆ నల్లరాయిలో మాగ్నటైటు అనే అయస్కాంత ఇనుప ఖనిజం ఉంటుంది. దిక్సూచిని బండ మీద పెడితే ముల్లు పక్కకు లాగేస్తుంది. రాయికి రెండు మూడు మీటర్లు ఎడంగా నిలబడి దూరం నుంచే దిశ చూడండి. ఫోను యాప్ వాడేవాళ్లు అయస్కాంతమున్న కవరు తీసేసి, రోజుకు రెండుసార్లయినా మామూలు దిక్సూచితో సరిచూసుకోవాలి.

వేంపల్లె పల్లంలో ఆమ్లం పరీక్ష

గుల్చేరు వీపు దిగాక బూడిదరంగు, ఏనుగు తోలులా ముడతలు పడ్డ బండలు వస్తాయి. దాన్ని సున్నపురాయని రాసేముందు ఆగండి. కొత్తగా పగిలిన ముఖం మీద ఒక చుక్క ఆమ్లం వేయండి. సున్నపురాయైతే వెంటనే సుయ్యిమని నురగ లేస్తుంది. ఇక్కడ ఏమీ జరగనట్టే ఉంటుంది. లెన్సుతో చూస్తే అక్కడొకటి ఇక్కడొకటి చిన్న బుడగ కనిపించవచ్చు. ఇప్పుడు అదే చోట చాకుతో గట్టిగా గీకి, రాలిన తెల్లపొడి మీద ఇంకో చుక్క వేయండి. పొడి పొంగుతుంది. ముద్దగా ఉన్నప్పుడు పలకక, పొడి చేస్తే పలికేది డోలమైటు. అరిగిన పైముఖం మీద చుక్క వేస్తే మాత్రం మోసపోతారు, ఎందుకంటే పగుళ్లలో పేరుకున్న సున్నం దానికదే పొంగుతుంది. చాకు రాయిని గీయకుండా, రాయి మీదే ఇనుము మెరుపు గీత పడితే అది చెర్టు, అంటే పలుగురాయి జాతి గట్టి రాయి. డోలమైటు మధ్య పట్టీలుగా ఉంటుంది, ఆమ్లానికి అసలు పలకదు.

ఈ డోలమైటులోనే స్ట్రోమటొలైట్లు ఉంటాయి. పక్క నుంచి చూస్తే బోర్లించిన గిన్నెలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు, పైనుంచి చూస్తే వలయాల్లా కనిపిస్తాయి. లోతులేని నీళ్లలో సూక్ష్మజీవుల పాచి పొర మీద పొరగా సున్నపు బురదను పట్టి పెంచిన కట్టడాలివి. గిన్నె బోర్లా ఉంటే పొరలు తలకిందులు కాలేదని అర్థం. వెడల్పు, ఎత్తు కొలిచి, బొమ్మ గీసి, ఫొటో తీసి వదిలేయండి. ఒక్కదాన్ని కొట్టి తెస్తే ఇంట్లో అదొక మామూలు రాయి, అక్కడ మాత్రం ఒక పేజీ చినుగుతుంది.

పొరల మందం ఇక్కడే లెక్కవేయండి. నేల చదునుగా ఉండి, డిప్ దిశలో నడిచిన దూరం 1,000 మీటర్లు, డిప్ 12 డిగ్రీలైతే మందం 1,000 × సైన్ 12, అంటే 208 మీటర్లు. డిప్ 15 అని చదివితే 259 వస్తుంది. మూడు డిగ్రీల పొరపాటుకు 51 మీటర్ల తేడా. మూడేసి కొలతలు తీయమన్నది ఇందుకే. దూరం అడుగులతో కొలిచేవాళ్లు ముందు 100 మీటర్ల టేపు గీత మీద మూడుసార్లు నడిచి తమ అంగల సంఖ్య తెలుసుకోవాలి. గట్టు ఎక్కుతున్నప్పుడు అంగ చిన్నదవుతుంది, దాన్నీ విడిగా లెక్కపెట్టాలి.

నల్లరాయి: పారిందా, చొరబడిందా

పులివెందుల చుట్టూ పొరల మధ్య సమంగా సాగే నల్లరాయి పలకలు తగులుతాయి. అరిగినచోట ఉల్లిగడ్డల్లా పొరలూడే గుండ్లుగా మారుతుంది. అది లావాగా పైన పారిందా, సిల్‌గా పొరల మధ్య చొరబడిందా తేల్చాలంటే దాని పైఅంచు వెతకాలి. లావా కింది పొరను మాత్రమే కాలుస్తుంది. దాని పైభాగంలో గాలిబుడగల గుంతలు ఉంటాయి. సిల్ పైనా కిందా రెండు వైపులా కాలుస్తుంది, అంచుల్లో దాని రేణువులు సన్నబడతాయి. ఒక్క కింది అంచు చూసి తీర్పు చెప్పకండి. డోలమైటును ఈ వేడి తాకినచోటే రాతినార, బలపపురాయి పుట్టాయి.

ఈ సిల్‌ల వల్ల ఇంకో లాభం ఉంది. ఇసుకరాయికి నేరుగా వయసు కట్టడం కష్టం, నల్లరాయికి కట్టవచ్చు. తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల సిల్ వయసు దాదాపు 188 కోట్ల ఏళ్లని తేలింది. చొరబడినవాడికన్నా ఇల్లు పాతది కాబట్టి, సిల్‌ను పట్టి ఉంచిన పొరలు, వాటి కింద మీరు దాటి వచ్చిన వేంపల్లె, గుల్చేరు అన్నీ అంతకన్నా పాతవే.

క్వార్ట్‌జైటు మీది గుర్తులు

పులివెందుల, గండికోట క్వార్ట్‌జైట్లలో అలల గుర్తుల కోసం చూడండి. శిఖరానికి రెండు వైపులా వాలు సమానంగా ఉంటే ముందుకూ వెనక్కూ ఊగే నీటి అలలు చేసినవి. ఒకవైపు సాగి, ఒకవైపు నిటారుగా ఉంటే ఒకే దిశలో పారిన నీరు చేసింది, నిటారు వైపే ప్రవాహం పోయిన దిక్కు. ఒక్క గుర్తుతో నదీ దిశ తేల్చకండి. కనీసం 20 కొలతలు కావాలి. ఒక పొర లోపలే ఏటవాలుగా సన్నపొరలుంటే వాటి పైకొసలు కోసేసినట్టు తెగి ఉంటాయి, అడుగు మెల్లగా కింది తలానికి ఒరుగుతుంది. తెగిన వైపు పైవైపు.

తాడిపత్రి షేలు పల్లంలో త్వరగా నడవచ్చు. బండలు తక్కువ, బావుల గట్ల మీద పోసిన రాయే ఆధారం. అది ఏ లోతు నుంచి వచ్చిందో రైతును అడిగి రాసుకోండి.

గండికోట దగ్గర

గండి అంటే కొండకు పడ్డ కోత. వేంపల్లె దగ్గర పాపాగ్ని కొండను చీల్చుకుపోయే చోటును కూడా గండి అనే అంటారు. పెన్న పక్కనున్న పల్లం వదిలేసి ఎర్రమల కొండలను ఎందుకు చీల్చింది? కొండ ముందు లేచి తర్వాత నది దాన్ని ఎక్కలేదు గదా. నది దారి ముందే పడింది, చుట్టూ మెత్తని రాయి అరిగి దిగిపోతుంటే నది ఉన్నచోటే కిందికి కోసుకుంది, గట్టి రాయి పక్కన కొండగా మిగిలింది.

లోయ గోడలు దాదాపు 300 అడుగుల ఎత్తున నిటారుగా ఉండడానికి పగుళ్లే కారణం. క్వార్ట్‌జైటులో నిలువు పగుళ్లు కనీసం రెండు దిశల్లో ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. అడుగున ఆసరా పోగానే బండ పెట్టెలా విడిపోయి పడుతుంది, కొత్త గోడ మళ్లీ నిటారుగానే ఉంటుంది. 30 పగుళ్ల దిశలు కొలిచి, లోయ వంపులతో పోల్చండి. అయితే అంచుకు రెండు మీటర్లు ఇవతలే ఆగండి. మీరు నిలబడ్డ బండ వెనక చేతివెడల్పు పగులుంటే అది ఇప్పటికే విడిపోయిన పెట్టె. కోట రక్షిత కట్టడం, అక్కడ సుత్తి సంచిలోనే ఉండాలి.

జమ్మలమడుగు వైపు దిగితే పొరలు దాదాపు బల్లపరుపు అవుతాయి, నల్లరేగడి మొదలవుతుంది, గోడలకూ గచ్చులకూ నాపరాయి వస్తుంది. ఇది నార్జి సున్నపురాయి, ఆమ్లం చుక్కకు వెంటనే సుయ్యిమంటుంది. దానికింద బనగానపల్లె క్వార్ట్‌జైటు అడుగున మళ్లీ గులకరాళ్ల పొర వెతకండి. వాలిన పాత పొరల మీద ఇది ఇంచుమించు చదునుగా కూర్చునే చోట పైనా కిందా విడివిడిగా డిప్ కొలిస్తే, పాత పొరలు వాలి అరిగాకే ఇది వచ్చిందని అంకెల్లోనే కనబడుతుంది. నాపరాయిలో పగుళ్ల వెంట నీరు ఏం చేస్తుందో చూడాలంటే బెలుం గుహలకు వెళ్లండి. అక్కడ 3,229 మీటర్ల దారులు సర్వే చేశారు.

నోటుబుక్కు, అడ్డకోత

ఒక్కో చోటుకు రాత ఇలా ఉండాలి:

"చోటు 7. వంక ఎడమ గట్టు. చూసింది: బూడిద డోలమైటు, పొరలు 5–20 సెం.మీ., పొడి మీదే నురగ. చెర్టు పట్టీ 3 సెం.మీ. డిప్ 12/040, 11/045, 14/038. నమూనా 7ఎ, పైవైపు బాణం గీత. అనుకున్నది: లోతులేని నీరు? కారణం: పక్కబండలో బురద బీటలు."

చూసింది, అనుకున్నది ఒకే వాక్యంలో కలిపితే ఆరు నెలల తర్వాత మీకే తేడా తెలియదు. నమూనా పిడికెడు చాలు. ఊడదీయకముందే పైవైపు బాణం గీయండి, ఊడాక గుర్తుండదు.

సాయంత్రం అడ్డకోత (నేలను నిలువుగా కోసినట్టు పొరలను చూపే బొమ్మ) గీసేటప్పుడు నిలువు, అడ్డం ఒకే స్కేలులో ఉంచండి. 1:50,000లో 10 కిలోమీటర్లు 20 సెంటీమీటర్లు వస్తాయి, 200 మీటర్ల కొండ 4 మిల్లీమీటర్లే. చప్పగా ఉందని నిలువును 5 రెట్లు పెంచేవాళ్లు పొరలను మాత్రం 12 డిగ్రీల్లోనే గీసి వదిలేస్తారు, మందాలన్నీ చెడతాయి. పెంచక తప్పకపోతే డిప్ టాంజెంటును 5తో గుణించాలి. అప్పుడు 12 డిగ్రీలు కాగితం మీద 47 అవుతాయి. ఆ బొమ్మ పక్కన "నిలువు 5 రెట్లు" అని తప్పకుండా రాయండి, లేకపోతే చూసినవాళ్లు పులివెందుల పొరలు కొండలా లేచి నిలబడ్డాయని అనుకుంటారు.